జూలై ముప్పై ఒకటి నాటి కౌగిలింత

ఆ బుధవారం వెర్న్ ప్రుయిట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఐదింటి దాకా ఎవరి కంట్లోనూ పడకుండా ఉండాలి, అంతే. కాకపోతే ఆయన బేస్‌బాల్ పిచర్. రెండు వేలమంది కూర్చుని చూస్తుండగా మైదానం నడిమధ్య మట్టిదిబ్బ ఎక్కి, ఎదురుగా బ్యాటు పట్టుకుని నిలబడ్డవాడి వైపు బంతులు విసరడమే ఆయన ఉద్యోగం. అలాంటి మనిషి ఎవరి కంట్లోనూ పడకుండా ఉండటమెలాగో ఆయనే ఆలోచించుకోవాలి.

"మరీ బాగా వెయ్యకు," అంది భార్య మార్లా, గుడ్ల పళ్ళెం ఆయన ముందు పెడుతూ.

"వెయ్యను."

"బాగా వేస్తే ఎవడో ఒకడు చూసి కొనేసుకుపోతాడు."

"అలాగేలే."

"అలాగని చెత్తగానూ వెయ్యకు. ఇంటికి పొమ్మంటారు."

"మార్లా, అటు మంచికీ ఇటు చెడ్డకీ మధ్యన విసరడమేగా పద్నాలుగేళ్ళుగా నేను చేస్తున్నది? దాని మీదేగా మన కాపురం నడుస్తోంది?"

మాట నిజమే. వెర్న్‌కి ముప్పై ఆరేళ్ళు. ఎడమచేతి వాటం. పద్నాలుగేళ్ళలో పదకొండు ఊళ్ళు తిరిగాడు. పెద్ద నగరాల్లో పెద్ద క్లబ్బులుంటాయి, ఒక్కొక్క పెద్ద క్లబ్బుకీ కిందన ఏదో ఒక చిన్న ఊళ్ళో చిన్న జట్టు ఉంటుంది. వెర్న్ బతుకంతా ఆ చిన్న జట్లలోనే తెల్లారింది. పెద్ద జట్టులో ఆడింది మొత్తం పదకొండు రోజులు, అందులో నాలుగు రోజులు వాన. ఎక్కడ ఏ కుర్ర పిచర్‌కి భుజం పట్టేసినా వెర్న్‌ని పిలిపించుకునేవాళ్ళు. ఆ కుర్రాడి భుజం కుదుటపడగానే ఇంకెవరికో ఇచ్చేసేవాళ్ళు. ఒకసారైతే పదిహేడు బ్యాట్లూ, ఒక గడ్డికోసే యంత్రమూ తీసుకుని ఇచ్చేశారు. యంత్రం కొత్తదేనని వెర్న్ ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటాడు.

ఈ తిరుగుళ్ళలో మార్లాకి మిగిలింది ఒక్కటే బాధ. ఆవిడకి మొక్కలంటే ప్రాణం. ఏప్రిల్‌లో ఏ ఊళ్ళోనో పాదు తీసి విత్తు వేసేది. మొలక రెండాకులు వేసేసరికి వెర్న్‌ని ఇంకో ఊరి వాళ్ళు లాక్కుపోయేవాళ్ళు. తన చేత్తో వేసిన విత్తు కాయ కాయడం పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. అలాంటిది, ఏ దేవుడు కరుణించాడో గానీ, అయోవా రాష్ట్రంలోని ఈ వాల్డ్రన్ ఫాల్స్‌కి వచ్చి మొన్న సోమవారానికి సరిగ్గా ఏడాదయింది. ఈ ఏడు పెరట్లో దోసపాదులు విరగకాశాయి. ఆ లేత దోసకాయల్ని సోయకూర, వెల్లుల్లి వేసి వెనిగర్‌లో ఊరబెట్టి, ఆరు సీసాలు వరసగా కిటికీలో పెట్టుకుంది. రోజూ పొద్దున్నే లేచి వాటివైపు చూసుకునేది.

శనివారం కౌంటీ సంతలో ఊరగాయల పోటీ. దానికి రెండే నియమాలు. పోటీలో పెట్టే కాయ సొంత పెరట్లో కాసినదై ఉండాలి. పెట్టే మనిషి ఆ కౌంటీలో ఏడాది నిండా ఉండి, పోటీ నాటి పొద్దున కూడా అక్కడే నిద్ర లేవాలి. మార్లా సోమవారం పొద్దున్నే వెళ్ళి పేరు రాయించుకుంది. ఇంక అడ్డమల్లా ఈ ఒక్క రోజే. జూలై ముప్పై ఒకటి సాయంత్రం ఐదు దాటితే, సీజన్ ముగిసేదాకా ఏ క్లబ్బూ ఎవరినీ కొనడానికీ అమ్మడానికీ లేదు.

"ఐదు కొట్టనీ," అంది మార్లా. "తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు గంతులేసుకో."

"మాటిస్తున్నా. శనివారం నువ్వు సీసా మూత తీసేటప్పుడు పక్కనే ఉంటా," అన్నాడు వెర్న్. ఆ మాట నిలబెట్టుకోవాలని మనసారా అనుకున్నాడు కూడా.

అమ్మకాల చివరి రోజుకి ఒక ఆనవాయితీ ఉంది. ఎవరినైనా అమ్మేసిన కబురు ఆట మధ్యలో వస్తే, ఆ ఆటగాణ్ణి వెంటనే లోపలికి పిలిచేస్తారు. మైదానం పక్కన ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లో తోటివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కావలించుకుంటారు. అందుకని ఆ రోజు జనం మైదానం వైపు చూడరు, డగౌట్ వైపే చూస్తారు. ఎవరు ఎవరిని కౌగిలించుకుంటున్నారా అని దుర్భిణీలు కూడా తెచ్చుకుంటారు. ఆటగాళ్ళకీ ఆ సంగతి తెలుసు కనక ఆ రోజు ఎంత గొప్పగా ఆడినవాడి భుజమైనా తట్టరు, దూరం నుంచే తల ఊపి ఊరుకుంటారు.

వాల్డ్రన్ ఫాల్స్ జట్టు పేరు తాబేళ్ళు. ఆ మధ్యాహ్నం పోర్ట్ కెసల్ నుంచి వచ్చిన కొంగలు అనే చిన్న జట్టుతో ఆట. వెర్న్ అన్నమాట ప్రకారమే విసిరాడు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో మొదటి రెండింట్లో రెండు పరుగులిచ్చాడు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. మూడో ఇన్నింగ్స్‌లో తమ జట్టు బ్యాటింగుకి వెళ్ళగానే డగౌట్ బల్ల మీద చేరగిలబడి, హమ్మయ్య అనుకుని, గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు నోట్లో పోసుకున్నాడు. బేస్‌బాల్ ఆటగాళ్ళు అన్నం లేకపోయినా ఉంటారు గానీ ఆ గింజలు నమలకుండా ఉండలేరు.

సరిగ్గా అప్పుడే తాబేళ్ళ బ్యాటర్ ఒకడు పరుగెత్తుతూ తన బూటు తానే తొక్కుకుని బొక్కబోర్లా పడ్డాడు. వెర్న్‌కి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఒక గింజ, పొట్టుతో సహా, వెళ్ళకూడని దారిన వెళ్ళింది.

మొహం ఎర్రబడింది, తర్వాత నీలంగా మారింది. పక్కనున్న పిచింగ్ కోచ్ ఎంగ్‌స్ట్రమ్ మనిషి ధాన్యపు గాదెలా ఉంటాడు. చలికాలమంతా ఊరి అగ్నిమాపక దళంలో పనిచేస్తాడు కనక ఇలాంటప్పుడు ఏం చేయాలో ఆయనకి కొట్టిన పిండి. వెర్న్‌ని వెనకనుంచి రెండు చేతులా వాటేసుకుని, పొట్ట మీద పిడికిలి పెట్టి, నేల మీద నుంచి పైకి లేపి ఒక్క నొక్కు నొక్కాడు. గింజ బయటికొచ్చి పడింది. వెర్న్ కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి. ఎంగ్‌స్ట్రమ్‌కీ కళ్ళు చెమర్చాయి.

"చచ్చిపోయావనుకున్నానురా నాయనా!" అని ఈసారి ఎదురుగా వచ్చి మళ్ళీ గట్టిగా కావలించుకున్నాడు. అది చూసి మిగతావాళ్ళంతా తేదీ సంగతి మరిచిపోయి, "బతికావురోయ్!" అంటూ ఒకరి తర్వాత ఒకరు వాటేసుకున్నారు.

జట్టు వైద్యుడు టార్చి వేసి గొంతు చూశాడు. "లోపలంతా గీసుకుపోయింది. ఆట చాలు, ఇంటికి పో. రేపటిదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా పనికిరాదు."

పైన రేడియో గదిలో వ్యాఖ్యాత క్లైడ్ దుర్భిణీ పట్టుకుని కూర్చున్నాడు. ఆయన చూసింది ఇది: వెనక నుంచి ఒక కౌగిలి, ముందు నుంచి ఒక కౌగిలి, కన్నీళ్ళు, మళ్ళీ పదిహేను కౌగిళ్ళు, ఆపైన పిచర్‌ని ఆటలోంచి తీసేయడం. ఇంతకంటే ఏం కావాలి?

"శ్రోతలారా!" అన్నాడు గద్గదంగా. "మన వెర్న్ వెళ్ళిపోతున్నాడు! వెర్న్ ప్రుయిట్‌ని ఎవరో కొనేశారు!"

స్టేడియంలో సగం మంది ఒళ్ళో రేడియోలున్నాయి. రెండు వేలమంది లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టారు. ఏడాది మొత్తంలో వెర్న్‌కి ఒక్కసారైనా చప్పట్లు కొట్టిన జనం కాదు. వెర్న్ హడలిపోయి, కాదు కాదన్నట్టు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. జనం కూడా చేతులు ఊపారు. ముందు వరసలో ఒక పెద్దావిడ రుమాలు తీసి ఊపింది.

బట్టల గది చూసుకునే ముసలి డట్టన్ అప్పటికే వెర్న్ సంచి సర్దేశాడు. బీరువా మీద పేరున్న పట్టీ కూడా పీకేశాడు. ఆయన ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని అది, చెయ్యి చాలా చురుకు.

"ఎవరయ్యా కొన్నది?" అన్నాడు.

వెర్న్ తల అడ్డంగా ఊపాడు.

"చెప్పకూడదా? సరే సరే, నాకెందుకులే. వెళ్ళిరా బాబూ. మంచివాడివి. సబ్బు ఎక్కువ వాడతావు గానీ మంచివాడివి."

వెర్న్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ క్షణాన ఆయనకి గుర్తొచ్చింది, మార్లా ఇంట్లో రేడియో పెట్టుకునే పని చేసుకుంటుందని. నిజం తెలిసిన వాళ్ళంతా డగౌట్‌లో ఆటలో మునిగి ఉన్నారు, వాళ్ళకి రేడియో వినే తీరిక లేదు. రేడియో వింటున్న వాళ్ళెవరికీ నిజం తెలియదు. ఇంక తనే ఇంటికి పరుగెత్తాలి.

గేటు దగ్గర జనం చుట్టుముట్టారు. రుమాలు ఊపిన పెద్దావిడ ఒక బంతీ కలమూ చేతికిచ్చింది. వెర్న్‌కి ప్రాణం లేచొచ్చింది. బంతి మీద పెద్ద అక్షరాలతో రాశాడు: "నేనెక్కడికీ వెళ్ళడం లేదు."

ఆవిడ చదివింది. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. "చూశారా ఏం రాశాడో! ఎక్కడున్నా మన మధ్యనే ఉంటాడట!"

"నాకూ అలాగే రాసివ్వు వెర్న్!" అన్నాడు వెనకాయన. "నాకూ!" అన్నారు ఇంకో పదిమంది. ఏం చేస్తాడు పాపం, పద్నాలుగు బంతుల మీద అదే మాట రాశాడు. రాసేకొద్దీ చుట్టూ ఏడుపులు పెరిగాయి. ఆఖరి బంతి మీద "నిజంగా" అని కూడా చేర్చి కింద రెండు గీతలు గీశాడు. ఆ బంతి అందుకున్నవాడు వెర్న్‌ని వాటేసుకుని భోరుమన్నాడు, పోతూ పోతూ కలం తీసుకుపోయాడు.

జనాన్ని తోసుకుని వీధిలోకి వచ్చి పడేసరికి ఒక ట్రక్కు పక్కనే ఆగింది. ఇనప సామాన్ల కొట్టు హాలిస్. "ఎక్కు! నేను దింపుతా," అన్నాడు. ఇల్లు ఎనిమిది వీధుల అవతల. వెర్న్ కృతజ్ఞతగా ఎక్కి కూర్చున్నాడు. ట్రక్కు రెండో మలుపులో ఇంటివైపు తిరక్కుండా తిన్నగా పెద్దరోడ్డెక్కింది.

"విమానాశ్రయం నలభై నిమిషాలే," అన్నాడు హాలిస్ ఉత్సాహంగా. "పెద్దవాళ్ళు పిలిచినప్పుడు ఆలస్యం చెయ్యకూడదు."

వెర్న్ వేలితో గాల్లో గుండ్రంగా గీసి, బండి వెనక్కి తిప్పమని సైగ చేశాడు.

"అవునవును, పంకా ఉన్న విమానమే. చిన్నదే గానీ భయం లేదు."

వెర్న్ అద్దం మీద బాదాడు. తల పట్టుకున్నాడు. హాలిస్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని రెండో చేత్తో ఆయన వీపు నిమిరాడు. "ఊరుకో, ఊరుకో. నేనూ ఒకసారి ఉద్యోగం మారినవాణ్ణే." విమానాశ్రయం కనుచూపు మేరకి వచ్చాక గానీ వెర్న్‌కి ముందు అద్దం మీద పేరుకున్న దుమ్ము కంటపడలేదు. వేలితో అందులో "ఇల్లు" అని రాశాడు.

"అయ్యో, నిజమే సుమా! మార్లాకి చెప్పి రావద్దూ!" అని హాలిస్ బండి తిప్పాడు.

ఇంటి ముందు దిగేసరికి నాలుగున్నర. వాకిట్లో కారు డిక్కీ నిండిపోయి ఉంది. కిటికీలకి తెరల్లేవు. పద్నాలుగేళ్ళ అనుభవం మార్లాది, నలభై నిమిషాల్లో ఇల్లంతా డబ్బాల్లోకి ఎక్కించేసింది. ఆ ఇంటి పై వాటా క్లబ్బు అద్దెకి తీసుకున్నది. అమ్ముడుపోయినవాడు మర్నాడు మధ్యాహ్నానికల్లా ఖాళీ చేయాలి, వాడి బదులు వచ్చినవాడు దిగాలి. అదీ పద్ధతి.

మార్లా ఒక డబ్బా మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు గానీ, ముక్కు ఎర్రగా ఉంది. పక్కన కుర్చీలో ఇంటి యజమానురాలు ఓడెగార్డ్ గారు, ఒళ్ళో లావుపాటి పుస్తకంతో. ఆవిడే సంతలో ఊరగాయల పోటీకి అధ్యక్షురాలు. డెబ్భై ఏళ్ళావిడ, నియమం తప్పితే సొంత చెల్లెల్ని కూడా పోటీలోంచి తీసేసిన మనిషి.

"రా వెర్న్," అంది మార్లా. గొంతు తిన్నగా పెట్టుకోవడానికి నానా తంటాలూ పడుతోంది. "నీకు మంచిదేగా. నాకు సంతోషంగానే ఉందిలే. సీసాలు ఓడెగార్డ్ గారికి ఇచ్చేశాను. తింటారు."

"పేరు కొట్టేశాను," అన్నారు ఓడెగార్డ్ గారు. "కష్టంగానే ఉంది, కానీ శనివారం పొద్దున ఇక్కడ నిద్ర లేవని మనిషిని రాయడానికి వీల్లేదు. ఐదింటికి పుస్తకం మూసేస్తాను."

వెర్న్ గబగబా డబ్బా మీదున్న కలం లాక్కుని, అట్ట మీద రాశాడు: "ఎవరూ కొనలేదు. గొంతులో గింజ ఇరుక్కుంది. ఎంగ్‌స్ట్రమ్ నొక్కి తీశాడు. అది కౌగిలింత కాదు."

మార్లా చదివింది. మళ్ళీ చదివింది. నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఆయన వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది. "గింజా! గింజకా ఇదంతా! నమిలి మింగడం కూడా చేతకాదటయ్యా నీకు!"

"నేను చూసినదంతా డబ్బా మీద రాతే," అన్నారు ఓడెగార్డ్ గారు. "క్లబ్బువాళ్ళు ఫోన్‌లో అవునంటే మళ్ళీ రాస్తాను."

మార్లా ఫోన్ అందుకోబోయింది. అందుకునే లోపే అది మోగింది. అవతల రొవీనా, తాబేళ్ళ క్లబ్బు వ్యవహారాలు చూసే ఆవిడ. మాట్లాడితే గది మొత్తానికి వినిపిస్తుంది.

"మార్లా! వెర్న్ ఉన్నాడా? మాట్లాడలేడా? సరే నువ్వే విను. మధ్యాహ్నం నుంచి నా చెవులు హోరెత్తిపోతున్నాయి. 'వెర్న్‌ని ఎవరు కొన్నారు' అని ఒకటే ఫోన్లు. నాకు తెలియదు కదా, 'ఏమీ చెప్పలేను' అన్నాను. ఈ వ్యాపారంలో ఏమీ చెప్పలేనంటే అవునని అర్థం. ఎవరో కొన్నారని తెలిసేసరికి కొంగల పెద్ద క్లబ్బువాళ్ళకి గుండెల్లో రాయి పడింది. వాళ్ళకి ఎడమచేతి పిచర్ల కరువు. 'అతగాడిలో ఏదో ఉంది, మనకే కనపడలేదు' అని తలలు బాదుకుంటున్నారట. మా పెద్ద క్లబ్బుని అడిగితే, 'మేం అమ్మలేదే, అయినా అడిగేవాళ్ళుంటే ఇప్పుడే ఇచ్చేస్తాం' అన్నారు. వాళ్ళ కుర్ర పిచర్ని ఒకణ్ణి బదులిస్తారట."

మార్లా ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"ఒక్కటే అనుమానం వాళ్ళకి. మూడో ఇన్నింగ్స్‌లో ఎందుకు బయటికి తీశారు, చెయ్యేమైనా దెబ్బతిందా అని. చెయ్యి బాగోకపోతే వద్దంటారు. ఏం చెప్పమంటావు?"

వెర్న్ అట్ట మీద గబగబా గీకి చూపించాడు: "చెయ్యి నొప్పి అని చెప్పు." గోడ గడియారం నాలుగూ నలభై ఎనిమిది. ఒక్క చిన్న అబద్ధం చాలు. ఆరు సీసాలు మళ్ళీ కిటికీలోకి వచ్చేస్తాయి, పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది.

మార్లా ఆ అక్షరాల వైపు చూసింది. వెర్న్ వైపు చూసింది. చెమటకి తడిసి, చొక్కా మీద దుమ్ము పట్టి, చేతిలో కలం పట్టుకుని పరీక్ష రాస్తున్న పిల్లాడిలా నిలబడి ఉన్నాడు.

"చెయ్యి నిక్షేపంలా ఉంది," అంది ఫోన్‌లో. "గొంతులో గింజ అడ్డం పడింది, అంతే. గొంతుతో విసరడుగా."

రొవీనా ఫోన్ పెట్టేసింది. వెర్న్ నోరు తెరిచి, డాక్టరు మాట కూడా లెక్కచేయకుండా, గాలితోనే "ఎందుకూ?" అన్నాడు.

"నోర్ముయ్. మాట్లాడకూడదుగా నువ్వు," అంది మార్లా. ఈసారి కన్నీళ్ళు దాచుకోలేదు. "పద్నాలుగేళ్ళలో నిన్ను వీళ్ళు పంపిస్తే వాళ్ళు తీసుకున్నారు, వాళ్ళు పంపిస్తే ఇంకెవరో తీసుకున్నారు. కావాలని ఫోన్ చేసి అడిగినవాళ్ళు ఒక్కళ్ళున్నారా? ఇవాళ అడిగారు. అలాంటప్పుడు నీ చెయ్యి బాలేదని నా నోటితో ఎలా అననూ? దోసకాయలదేముంది, ఇంకో ఊళ్ళో వేసుకుంటాను."

వెర్న్ డబ్బా మీద కూలబడ్డాడు. పొద్దున ఇచ్చిన మాట గొంతులో ఆ గింజకంటే గట్టిగా అడ్డం పడింది. ఓడెగార్డ్ గారు గడియారం వైపు చూసి, పుస్తకం మూయబోతూ, ఎందుకో మూయకుండా వేలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

నాలుగూ యాభై ఆరుకి ఫోన్ మళ్ళీ మోగింది.

"అయిపోయింది, ఇచ్చేశాం," అంది రొవీనా. "కాకపోతే వాళ్ళ పెద్ద జట్టులో ఇప్పటికిప్పుడు ఖాళీ లేదట. ముందు వాళ్ళ చిన్న జట్టులో చేరమన్నారు."

"ఎక్కడికి వెళ్ళాలి?" అంది మార్లా.

"ఎక్కడికేమిటి? వాళ్ళ చిన్న జట్టే కదా కొంగలు! ఇక్కడే, మా మైదానంలోనే ఉన్నారుగా. ఆదివారం దాకా మాతోనే ఆట. అటువైపు డగౌట్‌లో కూర్చోమను, అంతే."

మార్లా చుట్టూ ఉన్న డబ్బాల వైపు ఓసారి చూసింది.

"మరి ఆ బదులు వచ్చే కుర్రాడు? రేపు మధ్యాహ్నం వాడికి ఈ వాటా..."

"వాడికి మోటల్‌లో కొంగలతో పాటే ఆదివారం దాకా గది ఉంది. అప్పటిదాకా కదలనంటున్నాడు. అక్కడ ఈతకొలను ఉందిట."

మార్లా ఫోన్ పెట్టేసి ఓడెగార్డ్ గారి వైపు తిరిగింది. ఆవిడ అప్పటికే కళ్ళద్దాలు సర్దుకుంటున్నారు. "కొట్టేసిన పేరు మీద రాస్తే పుస్తకం పాడవుతుంది. కిందన కొత్తగా రాస్తాను," అన్నారు. "సీసాలు మా వంటింట్లో ఉన్నాయి. ఒకటి మూత తీశాను. ఐదే ఉన్నాయనుకో."

శనివారం పొద్దున వెర్న్‌కి గొంతు వచ్చింది. బయల్దేరేటప్పుడు మార్లా చొక్కా గుండీ పెడుతూ, "ఇవాళ మాత్రం నీ ఇష్టం వచ్చినట్టు వెయ్యి," అంది. సీసా మూత తీసేటప్పుడు పక్కనుంటానన్నాను కదా అని వెర్న్ నసిగాడు. మూత నేను తీసుకోగలనులే పొమ్మంది.

పద్నాలుగేళ్ళలో ఆయనకి అలా ఎవరూ చెప్పలేదు. కొంగల చొక్కా వేసుకుని, తాబేళ్ళ మీద ఏడు ఇన్నింగ్స్ విసిరాడు. ఏడాదిగా కలిసి తిరిగినవాళ్ళు, ఎవడికి ఎటు విసిరితే బ్యాటు తగలదో ఆయనకి తెలుసు. ఒక్క పరుగూ ఇవ్వలేదు. బుధవారం లేచి నిలబడి ఏడ్చిన జనం ఈసారి కూడా లేచి నిలబడ్డారు గానీ, అది తిట్టడానికి.

"ఇంత బాగా వేసేవాడివైతే ఏడాదిగా మాకెందుకు వెయ్యలేదురా!" అని కేకేశాడు హాలిస్, గొంతు చించుకుని.

కొంగల పెద్ద క్లబ్బు నుంచి వచ్చిన మనిషి ఒకాయన బ్యాటర్ వెనకున్న వల అవతల కూర్చుని అంతా రాసుకున్నాడు. ఆట కాగానే వచ్చి వెర్న్ చెయ్యి పట్టుకున్నాడు. "ఖాళీ లేకపోతే చేస్తాం. సోమవారానికల్లా పెద్ద జట్టులో ఉండాలి."

వెర్న్ చొక్కా కూడా మార్చుకోకుండా సంత జరిగే చోటికి పరుగెత్తాడు. పందుల కొట్టాలూ పాల ఐస్‌క్రీం బళ్ళూ దాటి ఊరగాయల డేరాలోకి వచ్చేసరికి, అక్కడ మార్లా, ముందు సీసా, సీసాకి నీలం రంగు రిబ్బను. మొదటి బహుమతి. న్యాయనిర్ణేతలు కాయ కొరికితే డేరా చివరిదాకా చప్పుడు వినిపించిందట. మార్లా మొహం వెలిగిపోతోంది. అలాంటి మొహం వెర్న్ పెళ్ళి నాడు చూశాడు, మళ్ళీ ఇప్పుడే చూడటం.

"మార్లా! పెద్ద జట్టు! సోమవారం!" అన్నాడు రొప్పుతూ. "ఈ సాయంత్రమే సామాను ఎక్కించేద్దాం!"

మార్లా ఆయన్ని ఊపిరాడకుండా కావలించుకుంది. ముప్పై ఒకటో తారీకు దాటిపోయింది కనక ఎవరూ పట్టించుకోలేదు. "నాకు తెలుసు! రేడియోలో విన్నాను. నీ సంచి కారులో పెట్టించాను కూడా."

"మరి నీది?"

మార్లా జేబులోంచి మడత కాగితం తీసింది. ఆ పోటీకి ఒక ఆనవాయితీ ఉంది. గెలిచిన మనిషి వచ్చే ఏటి పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చోవాలి. న్యాయనిర్ణేత మళ్ళీ సంత దాకా ఏడాది పొడుగునా ఆ కౌంటీలోనే కాపురం ఉండాలి. ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. కింద మార్లా సంతకం, సిరా ఇంకా ఆరలేదు.

వెర్న్ రెండుసార్లు చదివాడు. "అంటే... నేను వెళ్తాను. నువ్వు..."

"నేను ఉంటాను. వెల్లుల్లి శరత్కాలంలో నాటుకోవాలి, అది వచ్చే జూలైకి గానీ రాదు. సీజన్ అయ్యాక ఇంటికి రా."

ఏ ఇంటికి అని అడగబోయి, ఆ ప్రశ్నకి పద్నాలుగేళ్ళలో మొదటిసారి సమాధానం ఉందని తట్టి, వెర్న్ ఊరుకున్నాడు. రిబ్బను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కాసేపటికి సద్దుకుని, పుస్తకం సంచిలో పెట్టుకుంటున్న ఓడెగార్డ్ గారి దగ్గరికి వెళ్ళాడు.

"ఏమండీ, పై వాటా మార్లాకి ఇస్తే, నా బదులు వచ్చిన ఆ కుర్రాడు రేపటినుంచి ఎక్కడుంటాడు?"

"గరాజ్‌లో మంచం వేయిస్తాను," అన్నారు ఓడెగార్డ్ గారు. "చిన్న జట్టు పిచరేగా, ఎన్నాళ్ళుంటాడు? ఎలాగూ పెట్టె విప్పడు."